మగపిల్లికి న్యూటరింగ్: ముందు వారం నుంచి మూడో నెల దాకా ఏం చేయాలి, వాడిలో ఏం మారుతుంది

మగపిల్లికి ఆపరేషన్ చేయించినవాళ్లు నన్ను అడిగేవి దాదాపు మూడే ప్రశ్నలు. వారమైంది ఇంకా గోడ మీద స్ప్రే చేస్తున్నాడేంటి (అంటే తోక లేపి మూత్రం చిమ్మడం), బీజాలు తీసేశామన్నారు కానీ అక్కడ ఇంకా ఉన్నట్టే కనిపిస్తున్నాయేంటి, రెండు నెలల్లో ఇంత లావైపోయాడేంటి. విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి మొత్తం ఒకచోట రాస్తున్నా. ఆపరేషన్ పదినిమిషాల పని, అది డాక్టర్ గారు చూసుకుంటారు. మనకి అసలు పని తర్వాత మొదలవుతుంది, అందులో సగానికి పైగా తిండి గిన్నె దగ్గరే ఉంటుంది.

1. ముందు ఏం మారుతుందో, ఏం మారదో తెలుసుకోండి

న్యూటరింగ్ అంటే రెండు బీజాలూ తీసేయడం. దాంతో టెస్టోస్టిరోన్ తయారయ్యే చోటే పోతుంది. కొంతమంది వాసెక్టమీ లాంటిదే అనుకుంటారు, కాదండి. వాసెక్టమీలో గొట్టం మాత్రమే కట్ చేస్తారు, పిల్లలు పుట్టరు కానీ హార్మోన్ అలాగే ఉంటుంది కాబట్టి గండుపిల్లి వేషాలన్నీ అలాగే ఉంటాయి.

హార్మోన్ వల్ల వచ్చేవి తగ్గుతాయి:
- ఎదకొచ్చిన ఆడపిల్లి కోసం రాత్రుళ్లు బయటికి పోయి రోజుల తరబడి రాకపోవడం
- తలుపు దగ్గర అరుపులు
- వేరే మగపిల్లులతో కొట్లాట (దాంతో పాటు కాట్లు, చీము గడ్డలు, కాట్ల ద్వారా వచ్చే, పిల్లి రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవి వైరస్ లాంటి ఇన్ఫెక్షన్ల రిస్క్ కూడా)
- స్ప్రే చేయడం
- మూత్రంలో ఆ ఘాటు కంపు. మగపిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే పదార్థం ఎక్కువగా వస్తుంది, అది విరిగినప్పుడే ఆ వాసన. టెస్టోస్టిరోన్ తగ్గితే అదీ తగ్గుతుంది

హార్మోన్‌తో సంబంధం లేనివి అలాగే ఉంటాయి. ఆటలు, వేట, బల్లుల వెంట పరిగెత్తడం, సోఫా గీకడం, తెల్లారి నాలుగింటికి మొహం మీద కాలు పెట్టి లేపడం, ఇవేవీ పోవు. భయస్తుడు ధైర్యవంతుడైపోడు. "మెత్తబడతాడు, మొద్దుబారిపోతాడు" అని భయపడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, మొద్దుగా కనిపించే పిల్లుల్లో చాలావరకు బరువు పెరిగి కదల్లేక అలా ఉంటాయి, ఆ సంగతి ఎనిమిదో పాయింట్‌లో చెప్తా.

2. ఏ వయసులో చేయించాలి

5 నెలల లోపు చేయించేయమని ఇప్పుడు చాలామంది పిల్లుల డాక్టర్లు చెప్తున్నారు. ఎందుకంటే స్ప్రే అనేది మొదలవ్వకముందే ఆపితే చాలావరకు అలవాటే పడదు. ఆడపిల్లి 4 నెలలకే చూలు కట్టగలదు, కాబట్టి ఒకే కాన్పులో పుట్టిన అన్నా చెల్లెళ్లు ఇంట్లో ఉంటే ఇంకా వాయిదా వేయకండి, చిన్నపిల్లలే కదా అనుకుంటూ ఉండగానే పని అయిపోతుంది.

పెద్దవాడైపోయినా పర్లేదు, రెండేళ్లకైనా ఐదేళ్లకైనా చేయించొచ్చు. కాకపోతే ఏళ్ల తరబడి స్ప్రే చేసినవాడికి అది అలవాటు కూడా అయిపోయి ఉంటుంది కాబట్టి టైమ్ ఎక్కువ పడుతుంది. గండుపిల్లికి వచ్చే ఉబ్బిన బుగ్గలు కూడా కొంతవరకు అలాగే ఉండిపోతాయి.

"చిన్నప్పుడే చేయిస్తే మూత్రనాళం సన్నబడి బ్లాక్ అవుతుంది" అని ఒకటి బాగా తిరుగుతుంది. చిన్న వయసులో చేయించినవాళ్లకీ తర్వాత చేయించినవాళ్లకీ నాళం సైజులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బ్లాక్ అవ్వడానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి, చివర్లో రాశా.

3. ఆపరేషన్‌కి ముందు వారం చేసుకోవాల్సినవి

డాక్టర్ దగ్గరికి చెకప్‌కి తీసుకెళ్లినప్పుడు ఒకటి తప్పకుండా అడగండి: రెండు బీజాలూ కిందికి దిగాయా అని. కొన్ని పిల్లులకి ఒకటి పొట్టలోనో గజ్జల్లోనో ఉండిపోతుంది. అప్పుడు ఆపరేషన్ పెద్దదవుతుంది, ముందే తెలిస్తే ప్లాన్ చేసుకోవచ్చు. "కిందున్న ఒక్కటి తీసేస్తే చాలు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, లోపల మిగిలినది హార్మోన్ తయారుచేస్తూనే ఉంటుంది, తర్వాత గడ్డగా మారే రిస్క్ కూడా ఉంది.

ఇంకా అడగాల్సినవి:
- ముందు బ్లడ్ టెస్ట్ అవసరమా (వయసు పెద్దదైతే, ముందు జబ్బేదైనా ఉంటే ముఖ్యంగా)
- టీకాలు అయ్యాయా, మిగిలినవి ఎప్పుడు
- నొప్పికి ఏం ఇస్తారు, ఇంటికి మందు ఇస్తారా
- తిండి ఎన్ని గంటల ముందు ఆపాలి
- రాత్రి ఏదైనా అయితే ఫోన్ ఎవరికి చేయాలి

ఇంట్లో సిద్ధం చేసుకోవాల్సినవి:
- చిన్న గది, కిటికీలు మూసి, ఎక్కడానికి ఎత్తైనవి ఏమీ లేకుండా
- లిట్టర్ బాక్స్‌లో (వాడు మూత్రం, విరేచనం పోసే డబ్బా) వేయడానికి కాగితపు లిట్టర్ గానీ చించిన పేపర్ ముక్కలు గానీ. సన్న ఇసుక లాంటి లిట్టర్ పుండుకి అంటుకుంటుంది
- అంచు తక్కువున్న లిట్టర్ బాక్స్
- సైజుకి సరిపోయే కోన్ (పుండు నాకకుండా మెడ చుట్టూ పెట్టేది), ఒక రోజు ముందే కాసేపు పెట్టి చూడండి
- క్యారియర్. ఇది నాలుగు రోజుల ముందే తలుపు తీసి హాల్లో పడేసి, లోపల వాడి పాత గుడ్డ వేసి ఉంచండి. ఆ రోజు పొద్దున్నే అటక మీద నుంచి దింపితే దాని సౌండ్ వినగానే మంచం కింద దూరతాడు, ఇక గంటసేపు మీరే కుస్తీ పట్టాలి
- ఇంట్లో బరువు తూచే మెషీన్. మీరు వాణ్ణి ఎత్తుకుని ఒకసారి, ఎత్తుకోకుండా ఒకసారి తూచి తేడా రాసి పెట్టుకోండి. ఈ నంబర్ తర్వాత చాలా అవసరమవుతుంది

4. ముందు రాత్రి, ఆ రోజు పొద్దున

మత్తు ఇచ్చినప్పుడు వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకే కడుపు ఖాళీ. పెద్ద పిల్లికి మామూలుగా ఆరేడు గంటల ముందు తిండి ఆపమంటారు, కచ్చితమైన టైమ్ మాత్రం మీ డాక్టర్ చెప్పిందే. నీళ్లు చాలాసార్లు పొద్దుటి దాకా ఉంచొచ్చంటారు.

నాలుగు నెలల లోపు కూనల్ని మాత్రం రాత్రంతా పస్తు పెట్టకండి. వాటికి షుగర్ తొందరగా పడిపోతుంది, రెండు నుంచి నాలుగు గంటలే చాలంటారు. పెద్దవాటికి చెప్పిన రూల్ చిన్నవాటికి పెట్టేసి నీరసంగా తీసుకొచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు.

పొరపాటున తినేశాడా? దాచకండి. డాక్టర్‌కి చెప్పేస్తే ఓ గంట ఆగుతారు లేదా వేరే రోజు ఇస్తారు, అంతే. చెప్పకపోతేనే ప్రమాదం.

ముందు రోజు నుంచే వాణ్ణి బయటికి వదలకండి, ఎక్కడో దూరి పొద్దున దొరక్కపోతే అపాయింట్‌మెంట్ పోతుంది.

5. ఇంటికి తెచ్చాక మొదటి 24 గంటలు

ఎక్కువగా అదే రోజు సాయంత్రం ఇంటికి పంపేస్తారు. వాడు తాగినవాడిలా తూలుతూ ఉంటాడు, కళ్లు జిడ్డుగా ఉంటాయి (మత్తులో పిల్లులు కళ్లు మూయవు, ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ రాస్తారు), ముందుకాలు మీద సూది కోసం వెంట్రుకలు గీసి ఉండొచ్చు. ఇవేవీ చూసి భయపడక్కర్లేదు.

వరుసగా చేయాల్సింది:
- సిద్ధం చేసిన గదిలో నేల మీదే క్యారియర్ పెట్టి తలుపు తీసి వదిలేయండి, వాడే బయటికి వస్తాడు
- మత్తులో ఒంటి వేడి పడిపోతుంది, వెచ్చటి గుడ్డ వేయండి. వేడినీళ్ల సీసా పెడితే గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, ఒంటికి నేరుగా తగలకూడదు
- మంచం మీద, సోఫా మీద పడుకోబెట్టకండి, దూకి పడతాడు
- సరిగ్గా నిలబడగలుగుతున్నాడు అనిపించాక కొంచెం నీళ్లు, ఆ తర్వాత మామూలుగా తినేదాంట్లో పావు వంతు
- వాంతి చేసుకోకపోతే రెండు మూడు గంటలాగి ఇంకొంచెం
- చిన్నపిల్లల్ని, వేరే జంతువుల్ని ఆ గదిలోకి రానివ్వకండి. మత్తు దిగేటప్పుడు ఎంత సాధువైనా కరిచే అవకాశం ఉంది

పాపం నొప్పి పడుతున్నాడని మనుషుల మాత్ర ఇవ్వకండి, ఇది మాత్రం గట్టిగానే చెప్తున్నా. పారాసిటమాల్‌ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కి సరిపడా లేదు. అది ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ కూడా ఇవ్వొద్దు. డాక్టర్ ఇచ్చిన మందు, ఆయన చెప్పిన డోస్, అంతే.

6. రెండో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా

మగపిల్లికి కోత చాలా చిన్నది. సంచి మీద రెండు చిన్న గాట్లు, ఎక్కువమంది కుట్లు కూడా వేయరు, వాటంతటవే మూసుకుంటాయి. కుట్లు లేవేంటి మర్చిపోయారా అని కంగారు పడకండి.

ఇక "బీజాలు అలాగే ఉన్నాయి" సంగతి. తీసేశాక ఖాళీ సంచి కొంచెం వాచి ఉంటుంది, చూస్తే లోపల ఏదో ఉన్నట్టే ఉంటుంది. కొన్ని రోజుల్లో వాపు తీసి చదునవుతుంది. రోజూ పెరుగుతుంటే అది వేరే సంగతి, అప్పుడు చూపించాలి.

కోన్ విషయంలో అందరూ కరిగిపోతారు. బాధపడుతున్నాడని రెండో రోజే తీసేస్తారు, మూడో రోజుకి నాకి నాకి పుండు తెరుచుకుంటుంది. నేనూ ఒకసారి రాత్రి తీసేసి పడుకున్నా, పొద్దున లేచేసరికి ఎర్రగా వాచి ఉంది, వారంలో అయిపోవాల్సింది రెండు వారాలు పట్టింది. 7 నుంచి 10 రోజులు ఉంచండి, తినేటప్పుడు మాత్రం మీరు ఎదురుగా కూర్చుని తీయండి.

రోజూ చూసుకోవాల్సినవి:
- పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పుండు చూడటం, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తుంది
- తిన్నాడా, మూత్రం పోశాడా, విరేచనం అయిందా
- 10 నుంచి 14 రోజులు స్నానం వద్దు, పుండు తడవకూడదు
- ఆయింట్‌మెంట్, నూనె, పౌడర్, యాంటిసెప్టిక్ లిక్విడ్ ఏదీ సొంతంగా రాయొద్దు. ఏం రాసినా వాడు నాకుతాడు, పైగా ఇంట్లో వాడే కొన్ని యాంటిసెప్టిక్‌లు పిల్లికి విషం
- బయటికి వదలడం, ఎత్తు నుంచి దూకించే ఆటలు ఈ రెండు వారాలు బంద్

వెంటనే ఫోన్ చేయాల్సినవి:
- మొదటి రోజు ఒకటి రెండు చుక్కలు పర్లేదు, కానీ రక్తం కారుతూనే ఉంటే
- వాపు రోజురోజుకీ పెరగడం, చీము, కంపు
- చిగుళ్లు తెల్లగా పాలిపోవడం
- 24 గంటలు దాటినా ఏమీ తినకపోవడం, లేదా మత్తు దిగకుండా అలాగే పడుండటం
- లిట్టర్ బాక్స్‌లో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోవడం

7. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే

పొద్దున వెళ్లినవాడు సాయంత్రం ఆస్పత్రి వాసనతో వస్తాడు. రెండో పిల్లికి వీడు కొత్తవాడే, నిన్నటిదాకా పక్కపక్కన పడుకున్నవాళ్లే బుస కొట్టుకుంటారు. ఒకటి రెండు రోజులు విడివిడిగా ఉంచి, ఇద్దరి గుడ్డలూ మార్చి వేసి, వాసన కలిశాక కలపండి. తిట్టడం, పట్టుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టడం లాంటివి చేస్తే రెండు రోజుల్లో పోయేది నెలలు పడుతుంది.

ఆ రెండోది ఆపరేషన్ కాని ఆడపిల్లి అయితే 4 నుంచి 6 వారాలు పూర్తిగా విడిగా ఉంచాలి. బీజాలు తీసేసినా గొట్టాల్లో మిగిలిన వీర్యకణాలతో మొదట్లో చూలు కట్టించగలడు. ఆపరేషన్ అయిపోయింది కదా అని ఆ రోజే కలిపేసి తర్వాత డాక్టర్‌ని అనుమానించేవాళ్లు ఉంటారు.

8. తిండి: అసలు పని ఇక్కడే

పిల్లి బరువు పెరిగేది ఆపరేషన్ వల్ల కాదు, ఆపరేషన్ తర్వాత కూడా పాత కొలతే పెట్టడం వల్ల. బీజాలు తీశాక ఒంటికి కావాల్సిన శక్తి సుమారు 20 నుంచి 30 శాతం తగ్గుతుంది, అదే టైమ్‌లో ఆకలి పెరుగుతుంది. అంటే కావాల్సింది తక్కువ, అడిగేది ఎక్కువ. గిన్నె నింపి పొద్దంతా వదిలేసే అలవాటు ఉన్న ఇంట్లో ఏమవుతుందో వేరే చెప్పాలా.

లెక్క ఎలా వేయాలో చెప్తా, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. బరువు ఇంటూ బరువు ఇంటూ బరువు వేయండి, వచ్చినదానికి వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి, దాన్ని 70తో గుణించండి. 4 కిలోల పిల్లికి: 4×4×4 అంటే 64, రూట్ నొక్కితే 8, మళ్లీ నొక్కితే 2.83, ఇంటూ 70 అంటే సుమారు 198. ఎదిగిన న్యూటర్ అయిన పిల్లికి దీన్ని 1.2తో గుణిస్తే రోజుకి సుమారు 240 క్యాలరీలు. న్యూటర్ కానివాడికైతే 1.4తో, అంటే 277. ఆ తేడానే ఏడాది తిరిగేసరికి పొట్టగా కనిపిస్తుంది.

దీన్ని గ్రాముల్లోకి మార్చాలి. ప్యాకెట్ వెనక 100 గ్రాములకి ఎన్ని క్యాలరీలో రాసి ఉంటుంది, డ్రై ఫుడ్ అయితే ఎక్కువగా 350 నుంచి 400 మధ్య. 380 అనుకుంటే 240 క్యాలరీలకి 63 గ్రాములు. రోజుకి, పూటకి కాదు! కిచెన్ తూకంలో పెట్టి చూడండి, మీరు అనుకున్నదాంట్లో సగమే అనిపిస్తుంది. కప్పుతో కొలవకండి, కప్పు ఎప్పుడూ మన మనసుని బట్టి నిండుతుంది.

ఇది మొదలుపెట్టే నంబర్ మాత్రమే. ఒక్కో పిల్లి ఒక్కోలా ఉంటుంది, రెండు వారాలకోసారి తూచి బరువు పెరుగుతుంటే 10 శాతం తగ్గించండి, తగ్గుతుంటే పెంచండి. ఇంకా ఎదిగే వయసు కూనలకి ఈ 1.2 లెక్క వాడకండి, వాళ్లకి కూన ఫుడ్డే ఉంచి, కొలత డాక్టర్‌ని అడిగి, మామూలుగా సంవత్సరం దాకా కొనసాగించండి.

ఎలా పెట్టాలి:
- రోజు మొత్తం పొద్దున్నే తూచి ఒక డబ్బాలో వేసేయండి, ఇంట్లో ఎవరు పెట్టినా అందులోంచే. లేకపోతే అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి, పిల్లలు ఒకసారి పెడతారు, వాడు ఎవరికీ తిన్నానని చెప్పడు
- రెండు పూటల కన్నా నాలుగు చిన్న పూటలు మేలు
- ట్రీట్లు మొత్తం క్యాలరీల్లో 10 శాతం దాటకూడదు
- తడి ఫుడ్ కలిపితే మంచిది. అందులో ముప్పావు వంతుకి పైగా నీళ్లే, పొట్ట నిండినట్టుంటుంది, మూత్రానికీ మంచిది
- ఫుడ్ మార్చాలనుకుంటే 7 నుంచి 10 రోజుల్లో పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి, అది కూడా పుండు మానాక
- రోజుకి రెండు మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు కర్రకి ఈక కట్టి ఆడించండి

చేత్తో చూసుకునే టెస్ట్ ఒకటి ఉంది. పక్కటెముకల మీద వేళ్లతో తేలిగ్గా రాస్తే ఎముకలు తెలియాలి కానీ కంటికి కనిపించకూడదు. పైనుంచి చూస్తే నడుము కొంచెం లోపలికి ఉండాలి. వెతికినా ఎముకలు దొరకట్లేదంటే బరువు ఎక్కువైనట్టే. వెనక కాళ్ల మధ్య వేలాడే వదులు చర్మం మాత్రం కొవ్వు కాకపోవచ్చు, అది చాలా పిల్లులకి సహజంగా ఉండేదే, నడిచేటప్పుడు ఊగుతుంది.

ఇప్పటికే లావైపోయాడా? ఒక్కసారిగా తిండి ఆపేయకండి. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా లివర్‌కి చేరి ప్రాణం మీదకి వస్తుంది. వారానికి ఒక శాతం చొప్పున తగ్గితే చాలు, 6 కిలోలవాడికి అది 60 గ్రాములు. కొలత డాక్టర్‌తో కూర్చుని వేయించుకోండి.

9. ఆరు వారాలు ఆగండి, ఆ తర్వాత ప్రవర్తన చూడండి

హార్మోన్ రోజుల్లోనే పడిపోతుంది కానీ ప్రవర్తన అంత తొందరగా మారదు. కొందరిలో రెండో వారానికే తేడా కనిపిస్తుంది, కొందరికి రెండు మూడు నెలలు. క్యాలెండర్‌లో స్ప్రే చేసిన ప్రతిసారీ ఒక చుక్క పెట్టండి. "అస్సలు తగ్గలేదు" అనేవాళ్లు చాలామంది చుక్కలు లెక్కపెడితే సగానికి తగ్గి ఉంటుంది.

దాదాపు పదిమందిలో తొమ్మిదిమంది స్ప్రే మానేస్తారు లేదా బాగా తగ్గిస్తారు. మిగిలిన ఒకడు మీ ఇంట్లోనే ఉంటే కింద చదవండి.

10. స్ప్రే ఆగకపోతే

ముందు అది స్ప్రేనా మామూలు మూత్రమా చూడండి. నిలబడి, తోక నిటారుగా లేపి వణికిస్తూ, గోడకో కర్టెన్‌కో కొంచెం చిమ్మితే స్ప్రే. కూర్చుని నేల మీద, పరుపు మీద ఎక్కువగా పోస్తే అది లిట్టర్ బాక్స్ ప్రాబ్లమ్ గానీ జబ్బు గానీ. రెండింటికీ దారులు వేరు.

తర్వాత ఈ వరుసలో వెళ్లండి, మధ్యలో దూకకండి:
- మూత్రం టెస్ట్ చేయించండి, మంట, రాళ్లు లాంటివి లేవని తేలాలి
- లోపల బీజం మిగిలిపోయిందేమో అనే అనుమానం ఉంటే డాక్టర్ అంగం మీద చిన్న ముళ్ల లాంటివి ఉన్నాయేమో చూస్తారు. టెస్టోస్టిరోన్ లేకపోతే అవి ఆరు వారాల్లో పోతాయి, ఉన్నాయంటే ఇంకా హార్మోన్ వస్తోందన్నమాట
- మచ్చల్ని ఎంజైమ్ క్లీనర్‌తో కడగండి. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే వాడికి అది ఇంకో పిల్లి మూత్రం లాగే అనిపించి మళ్లీ అక్కడే కొడతాడు
- లిట్టర్ బాక్స్‌లు పిల్లుల కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి, అన్నీ ఒకే గదిలో వరుసగా పెడితే అవి ఒకటి కిందే లెక్క
- కిటికీలోంచి బయటి పిల్లి కనిపిస్తోందా? చాలా ఇళ్లలో కారణం ఇదే. కింది సగం అద్దానికి మసక ఫిల్మ్ అంటించండి
- స్ప్రే చేసే చోట తిండి గిన్నె గానీ గీకే బోర్డు గానీ పెట్టండి
- ఫెరోమోన్ డిఫ్యూజర్ (పిల్లిని శాంతపరిచే వాసన వదిలే ప్లగ్) ఒక నెల పెట్టి చూడండి, కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు
- ఇవన్నీ అయ్యాక డాక్టర్ మందులు ఇవ్వొచ్చు

కొట్టడం, మూతి దాంట్లో రుద్దడం అస్సలు వద్దు. వాడు స్ప్రే చేసేదే టెన్షన్‌లో, మీరు టెన్షన్ పెంచితే ఇంకో గోడ దొరుకుతుంది వాడికి.

11. మూత్రం మీద ఒక కన్ను ఎప్పుడూ ఉంచండి

మగపిల్లి మూత్రనాళం సహజంగానే సన్నగా ఉంటుంది, ఆపరేషన్ అయినా కాకపోయినా. దానికి బరువు పెరగడం, నీళ్లు తక్కువ తాగడం, కదలకపోవడం, టెన్షన్ తోడైతే బ్లాక్ అవుతుంది. అందుకే తిండి గురించి అంత రాశా.

నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల, తిండికి దూరంగా పెట్టండి. లిట్టర్ తీసేటప్పుడు రోజుకి ఎన్ని మూత్రం ఉండలు వస్తున్నాయో లెక్క పెట్టడం అలవాటు చేసుకోండి. రెండు మూడు రావాల్సింది ఒక్కటీ రాకపోయినా, మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్లి ముక్కుతున్నా, అరుస్తున్నా, కింద భాగం ఆపకుండా నాకుతున్నా మలబద్ధకం అనుకుని పొద్దున చూద్దాంలే అనకండి. పూర్తిగా బ్లాక్ అయితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది, అర్ధరాత్రైనా సరే అప్పుడే క్యారియర్‌లో పెట్టుకుని బయల్దేరండి.